మధ్యధరా, నార్వే, డాన్యూబ్: మూడు క్రూయిజ్‌ల ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే

పోయిన నెల మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అక్కా, యూరప్ క్రూయిజ్ వెళ్దామనుకుంటున్నాం. మూడు ప్యాకేజీలు చూశాం, మూడూ బాగానే ఉన్నట్టున్నాయి. నువ్వు మూడూ తిరిగొచ్చావు కదా, ఏది బుక్ చెయ్యమంటావు?" అంది. వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. ఆ రాత్రి కూర్చుని ఫోన్‌లో ఆల్బమ్‌లన్నీ తెరిచి, ఒక్కో ప్రయాణం నుంచి ఒక్కటంటే ఒక్కటే ఫోటో తీసి పంపాను.

మొదటిది రోమ్‌లో ట్రెవీ ఫౌంటెన్ ముందు మా పిల్లలిద్దరూ. వాళ్ల వెనక ఫౌంటెన్ కంటే జనం తలలే ఎక్కువ. రెండోది నార్వేలో. తెల్లవారుజామున బాల్కనీ కమ్మీ పట్టుకుని నిలబడ్డ మా అమ్మ, వెనకనుంచి తీసినది. ఎదురుగా కొండ, కొండ మీంచి దూకుతున్న నీళ్లు. మూడోది చూస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఓడ కిటికీ, కిటికీకి జానెడు దూరంలో నాచు పట్టిన తడి కాంక్రీటు గోడ. అది డాన్యూబ్ నది.

"ఆ గోడేంటక్కా?" అని మెసేజ్ పెట్టింది. గోడ సంగతి తర్వాత చెప్తాను. ముందు మీకూ పనికొచ్చే మాట ఒకటి. క్రూయిజ్ ఎంచుకునేటప్పుడు మనమంతా బ్రోషర్‌లో ఊళ్ల పేర్లు లెక్కపెడతాం. ఏడు రాత్రులకు ఆరు ఊళ్లు, నాలుగు దేశాలు అనగానే డబ్బుకు సరిపడా వచ్చినట్టు అనిపిస్తుంది. నిజానికి లెక్కపెట్టాల్సింది గంటలు. మీరు చూడాలనుకున్న చోట ఎన్ని గంటలు నిలబడతారు, దాని దగ్గరికి చేరడానికి ఎన్ని గంటలు పోతాయి, ఓడలోంచే ఎంత కనబడుతుంది. ఈ మూడూ తెలిస్తే మీకు ఏది సరిపోతుందో మీకే తెలిసిపోతుంది. ఇంటికొచ్చాక మిగిలే ఫోటోలు కూడా ఈ లెక్క ప్రకారమే ఉంటాయి.

మధ్యధరా: పేర్లు ఎక్కువ, పరుగు ఎక్కువ

2022లో దసరా సెలవులకు మేం నలుగురం, మా మరిది కుటుంబం ముగ్గురు కలిసి వెళ్లాం. బార్సిలోనాలో ఎక్కి మళ్లీ అక్కడే దిగడం. మధ్యలో మార్సెయ్, లివోర్నో, చివితవెక్కియా, నేపుల్స్, పాల్మా. దసరా సెలవులకు ఈ సముద్రం బాగా కుదురుతుంది. జూలై, ఆగస్టుల్లో ఉండే మంట తగ్గిపోయి ఉంటుంది, సముద్రం నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి.

బార్సిలోనాలో ఓడలు ఆగే చోటు ఊరికి దగ్గరే, కొలంబస్ స్తంభం దాటితే లా రాంబ్లా వీధి మొదలవుతుంది. కానీ అన్ని ఊళ్లూ అలా ఉండవు. బ్రోషర్‌లో "రోమ్" అని రాసి ఉంటుంది, ఓడ ఆగేది చివితవెక్కియాలో. అక్కడినుంచి రోమ్ 70, 80 కిలోమీటర్లు. "ఫ్లోరెన్స్, పీసా" అని ఉంటుంది, ఆగేది లివోర్నోలో. పీసా దగ్గరే గాని ఫ్లోరెన్స్‌కు 90 కిలోమీటర్ల దాకా పోవాలి.

రోమ్ రోజు ఎలా గడిచిందో చెప్తే మీకు లెక్క తెలుస్తుంది. ఉదయం ఏడింటికి ఓడ ఆగింది. దిగి, రేవు గేటు దాకా బస్సు ఎక్కి, అక్కడినుంచి స్టేషన్‌కు చేరి, టికెట్లు కొని రైలెక్కేసరికి ఎనిమిదిన్నర. రైల్లో సుమారు గంట. సాయంత్రం ఆరున్నరకల్లా అందరూ ఓడలో ఉండాలి. ఎక్కడైనా ఆలస్యమైతే ఓడ మనకోసం ఆగదు కాబట్టి రెండు గంటలు చేతిలో పెట్టుకుని బయల్దేరాం. అంటే రోమ్‌లో మాకు దక్కింది ఆరు గంటలు. అందులో కొలోసియం లోపలికి వెళ్లడానికి, భోజనానికి, పిల్లల్ని బాత్రూమ్‌కు తీసుకెళ్లడానికి పోగా ట్రెవీ దగ్గర మిగిలింది పావుగంట. ఆ పావుగంటలో తీసిందే ఆ ఫోటో. మా చిన్నాడి మొహంలో అలసట కనబడుతూనే ఉంటుంది.

అలాగని వెళ్లొద్దని చెప్పను. పిల్లలకు ఆ వారమంతా పండగే. ఓడలో కొలను, జారుడుబల్లలు, సాయంత్రం షోలు, ఎప్పుడు అడిగితే అప్పుడు పిజ్జా. ఊళ్లలో ఎంత అలిసినా రాత్రి పెట్టెలు సర్దే పని లేదు, హోటల్ మారే పని లేదు. నేపుల్స్ మాత్రం మాకు బాగా కుదిరింది. రేవు ఊరి మధ్యలోనే ఉంది. లోకల్ రైల్లో ముప్పావు గంటలోపే పాంపేయి చేరిపోయాం. క్రీస్తుశకం 79లో వెసూవియస్ పేలినప్పుడు బూడిద కింద పూడిపోయిన ఊరు అది. రోడ్డు మీద బళ్ల చక్రాలు అరగదీసిన గాళ్లు ఇప్పటికీ రాతిలో లోతుగా ఉన్నాయి. మా పెద్దది కూర్చుని ఆ గాడిలో తన చెయ్యి పెట్టింది, మణికట్టు కింది దాకా దిగింది. స్కూల్లో ఎన్ని పాఠాలు చెప్పినా అంత గుర్తుండదు.

ఈ దారిలో వెళ్లాలనుకుంటే రెండు జాగ్రత్తలు. ఒకటి, ఓడ ఏ రోజు ఎక్కడ ఆగుతుందో వారంతో సహా చూసుకోండి. వాటికన్ మ్యూజియం నెలలో ఆఖరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసి ఉంటుంది. బార్సిలోనాలోని సగ్రదా ఫమీలియా చర్చికి టికెట్ మీద టైమ్ ఉంటుంది, ముందే కొనాలి. 1882లో మొదలుపెట్టిన ఆ చర్చి లోపల మధ్యాహ్నం రంగుటద్దాల్లోంచి పడే వెలుగు చూడాలంటే తొందరపడి దొరికిన టైమ్ కొనకండి. రెండోది, వెనిస్ పేరు చూసి మోసపోకండి. 2021 ఆగస్టు నుంచి పెద్ద ఓడల్ని సెయింట్ మార్క్స్ కూడలి ముందునుంచి వెళ్లనివ్వడం లేదు. పాత ఫోటోల్లో కనబడే ఆ దృశ్యం, అంటే ఓడ డెక్కు మీద నిలబడి వెనిస్ మొత్తాన్ని పైనుంచి చూడడం, ఇప్పుడు పెద్ద ఓడల్లో దొరకదు. చాలా ఓడలు పక్కనున్న మర్గేరాలోనో, దూరంగా రవెన్నా, త్రియెస్తెలలోనో ఆగుతున్నాయి.

గ్రీసు వైపు దారి కూడా మధ్యధరానే గాని దాని తీరు వేరు. శాంతోరినిలో పెద్ద ఓడ ఒడ్డుకు రాదు, చిన్న పడవల్లో దింపుతారు. అక్కడినుంచి కొండ మీది ఊరికి కేబుల్ కారుకు క్యూ, లేదా దాదాపు ఆరు వందల మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో అయితే ఆ క్యూలో నిలబడక తప్పదు. అన్ని ఓడలూ ఒకే పూట వచ్చిన రోజు ఆ క్యూలోనే సగం పూట పోతుంది.

నార్వే: ఓడే కుర్చీ

2023 జూన్‌లో మా ఆయన, నేను, మా అమ్మ వెళ్లాం. పిల్లల్ని అత్తయ్యా మామయ్యా చూసుకున్నారు. జర్మనీలోని కీల్‌లో ఎక్కాం. నార్వే ఓడలు సౌతాంప్టన్ నుంచి కూడా చాలా ఉంటాయి, యూకేలో ఉండే మనవాళ్లకు అదే దగ్గర. ఇక్కడినుంచి వెళ్లేవాళ్లు మాత్రం సౌతాంప్టన్ ఎంచుకుంటే షెంగెన్ వీసాతో (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) పాటు యూకే వీసా కూడా తీసుకోవాలి. అందుకే మేం కీల్ పట్టుకున్నాం.

ఫియర్డ్ అంటే సముద్రం కొండల మధ్యకు సందులా దూరిన చోటు. వేల ఏళ్ల కింద మంచు నదులు కొండల్ని చెక్కేసి వెళ్లిపోతే ఆ లోతులోకి సముద్రం వచ్చి చేరింది. సోగ్నె ఫియర్డ్ పొడవు 200 కిలోమీటర్ల పైనే, లోతు 1,300 మీటర్ల దాకా ఉంటుంది. అంత లోతు ఉండబట్టే పదిహేనంతస్తుల ఓడ కూడా కొండ పక్కనుంచి మెల్లగా వెళ్లిపోతుంది. ఇక్కడ ఓడ దిగి ఏదో చూడడానికి పరుగెత్తాల్సిన పని లేదు. చూడాల్సింది ఓడ దారిలోనే ఉంది.

గైరాంగెర్ ఫియర్డ్‌లోకి వెళ్లే ఉదయం నాకు ఐదున్నరకి మెలకువ వచ్చింది. అమ్మ మంచం మీద లేదు. బాల్కనీ తలుపు కొంచెం తెరిచి ఉంది. చీర మీద స్వెట్టరు, దాని మీద శాలువా కప్పుకుని కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. ఇంజిన్ చప్పుడు చాలా తగ్గిపోయింది, ఓడ నడుస్తోందా ఆగిందా తెలియడం లేదు. కొండ అంచునుంచి నీళ్లు దారాలు దారాలుగా పడుతున్నాయి. అది సెవెన్ సిస్టర్స్ జలపాతం, ఏడుగురు అక్కచెల్లెళ్లు. ఎదుటి కొండ మీంచి పడే జలపాతం పెళ్లికొడుకట. ఏడుగుర్నీ అడిగాడట, ఒక్కరూ ఒప్పుకోలేదట. నేను ఈ కథ చెప్తుంటే అమ్మ వేలితో లెక్కపెడుతోంది. "ఆరే కనబడుతున్నారే" అంది. కాసేపాగి, "పాపికొండల్లో లాంచీ మలుపు తిరిగినప్పుడు ఇలాగే ఉండేది. మీ నాన్న ఉంటే బాగుండేది" అంది. అప్పుడు తీశాను ఆ ఫోటో. ముందుకెళ్లి మొహం తీయాలనిపించలేదు.

అందుకే చెప్తున్నాను, నార్వేకు మాత్రం బాల్కనీ గది తీసుకోండి. మధ్యధరాలో ఓడ ఎక్కువగా రాత్రిపూట నడుస్తుంది, పగలు మనం ఊళ్లో ఉంటాం, బాల్కనీకి పెట్టిన డబ్బు దండగ. అక్కడ లోపలి గది చాలు. నార్వేలో ఆ బాల్కనీయే మీ ప్రయాణం. ఏ వైపు గది దొరికినా పర్వాలేదు, ఫియర్డ్‌లోకి వెళ్లిన దారినే ఓడ తిరిగి వస్తుంది కాబట్టి రెండు ఒడ్లూ కనబడతాయి. జూన్‌లో అక్కడ రాత్రి పదకొండింటికి కూడా వెలుతురు ఉంటుంది. ఇంకా పైకి, నార్త్ కేప్ దాకా వెళ్లే ఓడలైతే మే మధ్యనుంచి జూలై చివరిదాకా సూర్యుడు అసలు అస్తమించడు. నిద్రకు కళ్ల మీద కట్టుకునే గుడ్డ తీసుకెళ్లండి.

ఫ్లామ్‌లో ఓడ దిగి రైలెక్కాం. 20 కిలోమీటర్ల దారి, నీటిమట్టం నుంచి 866 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది, సుమారు గంట ప్రయాణం. మధ్యలో ఒక జలపాతం దగ్గర అందర్నీ దించి ఫోటోలు తీసుకోమంటారు. తుంపర చాలా దూరం కొడుతుంది, ఫోన్ లెన్స్ తుడుచుకోవడానికి మెత్తటి గుడ్డ జేబులో ఉంచుకోండి. ఓడ వచ్చిన రోజు ఈ రైలు నిండిపోతుంది కాబట్టి టికెట్ ముందే కొనాలి.

ఇబ్బందులూ చెప్పాలి. వాన. బెర్గెన్‌లో ఏడాదికి రెండు వందల రోజులకు పైగా వాన పడుతుంది. మేం వెళ్లిన ఏడు రోజుల్లో మూడు రోజులు మబ్బే. ఆ మూడు రోజుల ఫోటోలు అన్నీ బూడిదరంగులో ఉన్నాయి. అమ్మకు అవే నచ్చాయి, మా ఆయనకు నచ్చలేదు. ఒడ్డున ఏం తిన్నా ఖరీదు ఎక్కువ, కాబట్టి మధ్యాహ్నం భోజనానికి ఓడకే వచ్చేసేవాళ్లం. ఉత్తర సముద్రం దాటే రోజు ఓడ బాగా ఊగింది. తల తిరిగే గుణం ఉన్నవాళ్లు కింది అంతస్తులో, ఓడ మధ్యలో ఉండే గది అడగండి, అక్కడ ఊపు తక్కువ. చిన్నపిల్లలకు నార్వే అంత పట్టదు. కొండ, నీళ్లు, మళ్లీ కొండ అంటే పదేళ్ల పిల్లాడు రెండో రోజుకే విసిగిపోతాడు.

డాన్యూబ్: ఊరి మధ్యలో దిగే ఓడ

ఇప్పుడు ఆ గోడ సంగతి. 2025 మేలో అత్తయ్యా మామయ్యలతో జర్మనీలోని పస్సావ్ నుంచి హంగరీలోని బుడాపెస్ట్ దాకా వెళ్లాం. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా విమానం ఉంది, అక్కడినుంచి పస్సావ్‌కు రైలు మారకుండా వెళ్లొచ్చు. డెబ్బై దాటినవాళ్లకు ఇది చాలా పెద్ద సుఖం.

నది ఓడ చిన్నది. పొడవు 135 మీటర్లకు మించదు, వెడల్పు మామూలుగా పదకొండు మీటర్ల పైచిలుకు, ప్రయాణికులు రెండు వందల లోపు. ఎందుకంటే అది లాకుల్లో పట్టాలి. నదికి అడ్డంగా ఆనకట్టలు ఉన్న ప్రతిచోటా ఓడను లాకులోకి తీసుకెళ్లి, గేట్లు మూసి, నీళ్లు తీసేసి కిందికి దించుతారు. పస్సావ్ నుంచి వియన్నా చేరేలోపే ఇలాంటివి తొమ్మిది.

మామయ్యది ధవళేశ్వరం. 1852లో కాటన్ దొర కట్టించిన ఆనకట్ట పక్కన పుట్టి పెరిగినాయన. మొదటి రాత్రి పన్నెండు దాటాక ఓడ ఆగినట్టయింది, గదిలో చీకటి పడింది. ఫోన్ మోగింది. "అమ్మాయ్, ఒకసారి మా గదిలోకి రా" అన్నారు. వెళ్తే ఆయన లైటు తీసేసి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అద్దానికి జానెడు దూరంలో గోడ. తడి, నాచు, మధ్యమధ్య ఇనప నిచ్చెన మెట్లు. గోడ మెల్లగా పైకి లేస్తోంది. కాదు, మేం కిందికి దిగుతున్నాం. "లాకులమ్మా ఇవి. చిన్నప్పుడు మా నాన్నతో కాకినాడ కాలవలో పడవ మీద వెళ్లేటప్పుడు ఇలాగే దింపేవాళ్లు. గేటు తీసేటప్పుడు చూడు, ముందు నీళ్లు సుడి తిరుగుతాయి" అన్నారు. ఇరవై నిమిషాలు కూర్చున్నాం. మూడు నాలుగు అంతస్తుల ఎత్తు దిగి ఉంటాం. గేట్లు తెరుచుకున్నాయి, ఆయన చెప్పినట్టే సుడి తిరిగింది. నా దగ్గర బుడాపెస్ట్ పార్లమెంటు భవనం రాత్రి దీపాల్లో వెలుగుతున్న ఫోటోలు నలభై ఉన్నాయి. ఆ గోడ ఫోటో ఒక్కటే ఉంది. మామయ్య తన స్నేహితులకు పంపింది మాత్రం దాన్నే.

డాన్యూబ్‌లో గంటల లెక్క పూర్తిగా మనవైపు ఉంటుంది. ఓడ దిగితే చాలా ఊళ్లలో పది నిమిషాల నడకలో ఊరి మధ్యలో ఉంటాం. పస్సావ్‌లో మూడు నదులు కలిసే చోటుకి నడిచి వెళ్లాం. డాన్యూబ్, ఇన్, ఇల్జ్, మూడూ మూడు రంగుల్లో కలుస్తాయి. అక్కడి పెద్ద చర్చిలో ఆర్గన్‌కు, అంటే గాలితో మోగే పెద్ద వాయిద్యానికి, దాదాపు 18 వేల గొట్టాలున్నాయి. మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా వాఖావు లోయ, పగటిపూట నడిపారు. రెండు పక్కలా ద్రాక్ష తోటలు, కొండ మీద శిథిలమైన కోట. ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ను 1192లో పట్టుకుని బంధించిన డ్యూర్న్‌స్టైన్ అదే. సముద్రం కాదు కాబట్టి ఊపు ఉండదు, అత్తయ్యకు వాంతుల భయం పోయింది.

వీటికి ఎదురుగా కొన్ని ఉన్నాయి. రేవుల్లో చోటు తక్కువ కాబట్టి నది ఓడల్ని పక్కపక్కన కట్టేస్తారు. వియన్నాలో మా బాల్కనీ ఎదురుగా పక్క ఓడ వాళ్ల గది, కర్టెన్ వేసుకోవాల్సి వచ్చింది. ఇక్కడ కూడా బాల్కనీకి ఎక్కువ పెట్టనక్కర్లేదు, పై డెక్కు మీద కూర్చుంటే చాలు. వంతెనలు తక్కువ ఎత్తులో ఉన్నచోట ఆ డెక్కు కూడా మూసేస్తారు. వేసవిలో వానల్లేక నదిలో నీళ్లు తగ్గితే, లేదా వరద వస్తే, కొంత దారి బస్సులో తీసుకెళ్తారు. 2018, 2022 ఎండాకాలాల్లో అలా నీళ్లు బాగా తగ్గాయి. అందుకే జూలై, ఆగస్టు కంటే మే మంచిది. పిల్లలకు అక్కడ ఏమీ లేదు. రాత్రి తొమ్మిదికి ఓడంతా నిశ్శబ్దం.

డబ్బు, వీసా, తిండి

టికెట్ మీద కనబడే ధర చూస్తే మధ్యధరా అన్నిటికంటే చవక, డాన్యూబ్ అన్నిటికంటే ఖరీదు. కానీ ధరలో ఏమేం కలిసి ఉన్నాయో చూడాలి. పెద్ద ఓడల్లో రోజుకింత అని సర్వీస్ చార్జీ, వైఫై, కూల్‌డ్రింకులు, ఊళ్లో తిప్పే బస్సులు అన్నీ విడిగా పడతాయి. నది ఓడల్లో చాలావాటికి ఊరు చూపించే గైడు, భోజనంతో ఇచ్చే పానీయాలు, వైఫై ధరలోనే ఉంటాయి. మేం అంతా కలిపి లెక్కేసుకుంటే మధ్యధరా, నార్వేల మధ్య తేడా అనుకున్నంత లేదు. డాన్యూబ్ మాత్రం ఎలా లెక్కేసినా ఎక్కువే.

వీసాలో ఒక్క మాట జాగ్రత్తగా చదవండి. ఓడ మధ్యలో షెంగెన్ బయటి దేశంలో ఆగితే, ఉదాహరణకు మాంటెనెగ్రోలోని కోటర్‌లోనో టర్కీలోనో, మళ్లీ షెంగెన్‌లోకి రావడానికి మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండాలి. సింగిల్ ఎంట్రీ సరిపోదు. టర్కీకి వాళ్ల నిబంధనలు వేరే చూసుకోవాలి. క్రొయేషియా 2023 జనవరి నుంచి షెంగెన్‌లోనే ఉంది, కాబట్టి డుబ్రోవ్నిక్‌తో ఇబ్బంది లేదు. దరఖాస్తు ఆరు నెలల ముందునుంచే పెట్టుకోవచ్చు. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. అమెరికాలో గ్రీన్‌కార్డుతో ఉన్న మనవాళ్లు కూడా భారత పాస్‌పోర్ట్ ఉంటే షెంగెన్ వీసా తీసుకోవాల్సిందే. ఈ సంగతి తెలియక చివరి నెలలో టెన్షన్ పడినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు.

తిండికి భయపడక్కర్లేదు. పెద్ద ఓడల్లో శాకాహారం బాగానే దొరుకుతుంది, ఇండియన్ వంట ముందే అడిగితే చేస్తారు. నది ఓడలో వంటిల్లు చిన్నది, బుకింగ్ రోజే చెప్పాలి. ఆవకాయ, కందిపొడి బాగా ప్యాక్ చేసి తీసుకెళ్లొచ్చు. నెయ్యి, పాలతో చేసిన స్వీట్లు మాత్రం యూరప్‌లోకి తీసుకెళ్లకూడదు. రైస్ కుక్కర్, కెటిల్ లాంటివి ఓడ ఎక్కేటప్పుడు తీసి పక్కన పెట్టేస్తారు.

ఫోటోలు ఎలా పంపాలి

మొదటి ప్రయాణంలో మేం చేసిన పొరపాటు ఇక్కడే. రోజుకు మూడు వందల ఫోటోలు తీసి, రాత్రికి వాటిలో అరవై ఫ్యామిలీ గ్రూపులో పోసేవాళ్లం. మూడో రోజుకు ఎవరూ చూడడం మానేశారు. పైగా మామూలుగా వాట్సాప్‌లో పంపితే ఫోటో కుదించుకుపోతుంది, తర్వాత ప్రింట్ తీయిస్తే మసకగా వచ్చింది.

ఇప్పుడు చేసేది వేరు. వాట్సాప్‌లో రోజుకు ఐదు ఫోటోలే. ఒక్కోదాని కింద రెండు వాక్యాలు: ఎక్కడ, ఏం జరిగింది. "ట్రెవీ ఫౌంటెన్" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "చిన్నాడు నాణెం వేసి ఏం కోరుకున్నావంటే చెప్పనంటున్నాడు" అని రాస్తే పిన్నులందరూ జవాబు ఇస్తారు. మిగతా మంచివన్నీ గూగుల్ ఫోటోస్‌లో ఒక ఆల్బమ్ చేసి లింకు ఇస్తాం. చూడాలనుకున్నవాళ్లు అసలు నాణ్యతలో చూస్తారు, మనతో వచ్చినవాళ్లు తాము తీసినవి కూడా అందులోనే కలుపుతారు. స్టేటస్ పెట్టడం నాకు నచ్చదు. ఇరవై నాలుగు గంటల్లో పోతుంది, పైగా ఇల్లు తాళం వేసి ఉందని ఊరందరికీ చెప్పినట్టవుతుంది.

కళ్లు సరిగా కనబడని పెద్దవాళ్లకు ఫోటో కంటే వాయిస్ మెసేజ్ మేలు. గైరాంగెర్‌లో అమ్మ తన చెల్లెలికి నిమిషంన్నర వాయిస్ పెట్టింది. వెనకాల నీళ్ల చప్పుడు వినబడుతుంది. పిన్ని దాన్ని ఇప్పటికీ దాచుకుంది. ఇంటికొచ్చాక ఒక వంద ఫోటోలు ఎంచి మన ఊళ్లో స్టూడియోలోనే ప్రింట్ తీయించి ఆల్బమ్‌లో పెట్టండి. ఓడలో ఫోటోగ్రాఫర్లు తీసే ప్రింట్లు ఒక్కోటీ చాలా ఖరీదు. అందరూ ముస్తాబై భోజనానికి వచ్చే ఫార్మల్ నైట్‌కు పట్టుచీర కట్టుకున్న రోజు ఒకటి కొనుక్కోండి, చాలు.

ఒక హెచ్చరిక కూడా. ఓడ ఒడ్డు వదిలిన వెంటనే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. నడిసముద్రంలో ఫోన్ దానంతట అదే ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్ పట్టుకుంటుంది, మామూలు రోమింగ్ ప్యాక్ దానికి పనిచెయ్యదు. మా మరిది మర్చిపోయాడు. ఒక్క రాత్రి ఫోటోలు బ్యాకప్ అయినందుకు వచ్చిన బిల్లు చూసి వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

మరి ఏది?

స్కూలు పిల్లలతో, మొదటిసారి యూరప్ చూడబోతున్నవాళ్లకు మధ్యధరానే చెప్తాను. కానీ ప్రతి ఊళ్లో దిగాలన్న పట్టు వదిలేయండి. మూడు ఊళ్లు బాగా చూసి, ఒకరోజు ఓడలోనే ఉండిపోండి. రోమ్ మీద నిజంగా ప్రేమ ఉంటే ప్రయాణానికి ముందో వెనకో రెండు రోజులు విడిగా అక్కడ ఉండండి, ఓడ రోజున మాత్రం చివితవెక్కియా దాటకండి. మోకాళ్లు బాగాలేని తల్లిదండ్రులకు, చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లకు డాన్యూబ్. డబ్బు కొంచెం ఎక్కువైనా వాళ్లు రోజూ సాయంత్రం అలసిపోకుండా కబుర్లు చెప్పుకుంటారు.

జన్మలో ఒక్కసారే వెళ్తాం, మళ్లీ కుదరదు అనేవాళ్లకు నార్వే. ఇందులో నాకు అనుమానం లేదు. రోమ్‌కు, వియన్నాకు విమానంలో వెళ్లినా చూడొచ్చు. ఫియర్డ్‌ను నీళ్ల మీంచి అంత మెల్లగా, పక్క మీంచి లేచి అలా నిలబడి చూడడం ఓడలోనే కుదురుతుంది.

మా పిన్ని కూతురికి ఇదంతా చెప్పాక, "మా అత్తగారికి మోకాళ్లు, మా బుడ్డోడికి ఏడేళ్లు. ఇద్దరికీ కలిపి ఏది?" అని అడిగింది. ఇద్దర్నీ ఒకే ఓడ ఎక్కించాలంటే మధ్యధరా, నేపుల్స్, బార్సిలోనా లాంటి దగ్గరి రేవులు ఎక్కువున్న దారి చూడమన్నాను. అత్తగారిని నార్వేకు తర్వాత వేరే తీసుకెళ్లమన్నాను. ముందు అందరి పాస్‌పోర్ట్‌లూ ఎప్పటిదాకా చెల్లుతాయో చూసి చెప్తానంది. నిన్న రాత్రి మళ్లీ మెసేజ్ పెట్టింది: "అక్కా, ఆ గోడ ఫోటో మా అత్తగారికి చూపించాను. ఆవిడది కూడా కోనసీమే. ఆ లాకుల ఓడ ఎంతవుతుందో అడుగుతున్నారు."